చెయ్యి పెట్టని పెంపకం: మన బోరు నీళ్ళలో చెర్రీ రొయ్యలు

తిరుపతిలో ఇంట్లో రొయ్యలు పెంచుతున్నాం అంటే చాలామందికి ముందు గూడూరు, కోట వైపు వనామి చెరువులే గుర్తొస్తాయి. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఆ తీరం కూడా తిరుపతి జిల్లాలోకి వచ్చింది కాబట్టి అందులో తప్పేమీ లేదు. తర్వాత వచ్చే ప్రశ్న మాత్రం ఎక్కడైనా ఒకటే: "పులుసుకు పనికొస్తాయా సామీ?" పనికిరావు. మనం చెప్పుకునే చెర్రీ రొయ్య ఎంత పెరిగినా అంగుళం, మహా అయితే అంగుళం పావు. బతికేది ఏడాది, ఏడాదిన్నర. పొద్దస్తమానం నాచు మీద కూచుని, ముందు కాళ్ళ చివర ఉండే చిన్న చిమటాలతో కనపడనిదేదో ఏరుకుని నోట్లో పెట్టుకుంటూనే ఉంటుంది. అరగంట చూసినా విసుగు రాదు.

ఈ పెంపకానికి కావాల్సిన డబ్బు తక్కువ, చోటు తక్కువ. కావాల్సింది ఒక్కటే ఎక్కువ: చేతులు కట్టుకుని కూచోగలిగే ఓపిక. ట్యాంకులు పాడయ్యేది పట్టించుకోక కాదు, మితిమీరి పట్టించుకుని. రోజూ నీళ్ళు మార్చేవాళ్ళు, పూటకోసారి మేత వేసేవాళ్ళు, పీహెచ్ కాస్త అటూ ఇటూ అయిందని మందు పోసేవాళ్ళే ముందు నష్టపోతారు. రొయ్యకు గొప్ప నీళ్ళు అక్కర్లేదు, నిన్నటి నీళ్ళు ఇవాళా ఉంటే చాలు. ఈ అధ్యాయంలో మిగతా సంగతులన్నీ ఆ నిలకడ ఎలా తేవాలన్న దాని గురించే.

ఏ రకంతో మొదలుపెట్టాలి

కొత్తవాళ్ళకు చెర్రీయే. శాస్త్రీయ నామం నియోకారిడినా డేవిడి, పుట్టిల్లు చైనా, తైవాన్ ప్రాంతం. దుకాణాల్లో రెడ్ చెర్రీ, బ్లడీ మేరీ, బ్లూ డ్రీమ్, యెల్లో అని రకరకాల పేర్లతో అమ్మేవన్నీ ఒకే జాతి. మనుషులు ఏరి, ఏరి రంగు నిలబెట్టినవి.

చెర్రీ మన ఇంట్లో పిల్లలు పెట్టడానికి అసలు కారణం దాని పుట్టుకలో ఉంది. 2000 తర్వాత కొన్నేళ్ళు నెల్లూరు వైపు జోరుగా సాగిన నీలకంఠ రొయ్య పెరిగేది మంచినీళ్ళలోనే అయినా, దాని పిల్లలు తొలి వారాలు ఉప్పు కలిసిన నీళ్ళలో తేలుతూ బతకాలి. అందుకే దానికి ఉప్పు నీళ్ళుండే హేచరీ తప్పనిసరి. అక్వేరియంలో నాచు తినడానికి పెట్టే అమానో రొయ్యదీ ఇదే తంతు. జపాన్ అక్వేరియం కళాకారుడు తకాషి అమానో వల్ల ప్రపంచానికి తెలిసిన ఆ రొయ్య, ఇంటి ట్యాంకులో గుడ్లు మోస్తుంది గానీ ఆ పిల్లలు మంచినీళ్ళలో దక్కవు. చెర్రీకి ఈ గొడవ లేదు. గుడ్డులోంచి బయటికి వచ్చేటప్పటికే కాళ్ళూ మీసాలూ అన్నీ ఉన్న బుల్లి రొయ్య అది. తల్లి తిరిగే నీళ్ళలోనే తనూ తిరుగుతుంది.

ఎరుపు తెలుపు పట్టీల క్రిస్టల్ రెడ్ మీద మనసు పడేవాళ్ళుంటారు. 1990లలో జపాన్‌లో హిసయాసు సుజుకి నిలబెట్టిన రకం అది. మెత్తటి ఆమ్ల జలం, 20 నుంచి 23 డిగ్రీల చల్లదనం అడుగుతుంది. తిరుపతి మే నెలలో దానికి చిల్లర్ కొనాలి, ఆ చిల్లర్‌కు ఇన్వర్టర్ కొనాలి. వద్దు.

నీళ్ళు

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఒకే వీధిలో మూడు రకాల నీళ్ళు దొరుకుతాయి. తిరుపతిలో కుళాయికి కల్యాణి డ్యాం నీళ్ళో తెలుగు గంగ నీళ్ళో వస్తాయి, బ్లీచింగ్ వాసనతో. అవి రాని రోజు బోరు. బోరు ఎండితే ట్యాంకరు. ఆ ట్యాంకరు ఏ ఊరి బోరు దగ్గర నింపుకొచ్చిందో అడిగినా చెప్పరు. మనం బట్టలు ఉతుక్కోవడానికి ఈ తేడా పట్టదు గానీ రొయ్యకు ప్రాణం మీదికొస్తుంది.

కాబట్టి ముందు టీడీఎస్ మీటరు కొనండి. పెన్ను సైజులో ఉంటుంది, కొన్ని వందల్లో వస్తుంది. నీళ్ళలో కరిగిన లవణాలు ఎన్నో చెప్పే అంకె అది. చెర్రీ రొయ్యకు 150 నుంచి 300 మధ్య హాయి. చిత్తూరు వైపు లోతు బోర్లలో 800, 1000 చూపించడం వింతేమీ కాదు. మరోవైపు వీధి చివర ఆర్వో ప్లాంటులో పట్టే క్యాను నీళ్ళు 50 దగ్గర ఉంటాయి. ఈ రెండూ కలపడమే మన పని. లెక్క కష్టమేమీ కాదు. మీ బోరు 900, క్యాను 50 అనుకోండి. ఒక లీటరు బోరు నీళ్ళకు నాలుగు లీటర్ల క్యాను నీళ్ళు కలిపితే 220 వస్తుంది. అంతే. ఉత్త ఆర్వో నీళ్ళలో మాత్రం వేయకండి. రొయ్య పైపెంకు కట్టుకోవడానికి కాల్షియం, మెగ్నీషియం నీళ్ళలోంచి రావాలి. ఆ పని చేసేది ఆ ఒక లీటరు బోరు నీళ్ళే.

ఇక్కడ మీటరు పట్టుకోలేని మోసం ఒకటుంది. కొత్త అపార్ట్‌మెంట్లలో గీజర్లకు సున్నపు పొర కట్టకుండా వాటర్ సాఫ్ట్‌నర్ పెడుతున్నారు. అది కాల్షియం తీసేసి ఆ చోట్లో సోడియం పెడుతుంది. టీడీఎస్ అంకె దాదాపు అలాగే ఉంటుంది, రొయ్యకు కావాల్సింది మాత్రం మాయం. "మీటరు బాగానే చూపిస్తోంది, అయినా కుబుసం విడిచేటప్పుడు చస్తున్నాయి" అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది సాఫ్ట్‌నర్ ఉందా అనే. ఉంటే, సాఫ్ట్‌నర్‌లోకి వెళ్ళకముందే బోరు పైపు దగ్గర ఒక బకెట్ పట్టుకోండి. గట్టిదనం కొలిచే జీహెచ్ కిట్ ఒకటి కొంటే అసలు సంగతి తేలిపోతుంది. కలిపిన నీళ్ళలో 6 నుంచి 10 మధ్య చూపిస్తే సరి.

కుళాయి నీళ్ళయితే వెడల్పు బకెట్‌లో 24 గంటలు ఎండకు ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది. తొందరుంటే అక్వేరియం దుకాణంలో యాంటీ క్లోరిన్ చుక్కలు అడగండి. అది సోడియం థయోసల్ఫేట్ ద్రావణం, చాలా చవక.

నీళ్ళ విషయంలో చివరి మాట. ఎండకు ట్యాంకు నీళ్ళు తగ్గితే, తగ్గినంతా ఉత్త ఆర్వో నీళ్ళతో నింపాలి. ఆవిరయ్యేది నీళ్ళే, లవణాలు అక్కడే ఉంటాయి. దాని మీద మళ్ళీ బోరు నీళ్ళు పోస్తూ పోతే నెలలో 220 కాస్తా 400 అవుతుంది. వారానికోసారి పదో వంతు నీళ్ళు తీసి, కలిపి ఉంచిన నీళ్ళు నెమ్మదిగా పోస్తే చాలు.

ట్యాంకు

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు చాలు. అంచుల దాకా 56 లీటర్లు, మట్టీ రాళ్ళూ పోగా 45 పడతాయి. అంతకన్నా చిన్నది చవకే గానీ నీళ్ళు తక్కువైన కొద్దీ మార్పు తొందరగా వస్తుంది. కొత్తవాళ్ళకు చిన్న ట్యాంకే కష్టం. మన ఇళ్ళలో గోడకు దిగేసిన కడప బండ అలమరలో కింది అర దీనికి పెట్టింది పేరు. బరువు మోస్తుంది, చల్లగా ఉంటుంది, ఎండ తగలదు. గాలి పంపు, స్పాంజి ఫిల్టరు, జావా మాస్ అనే నాచు మొక్క ఇవి మూడూ ఉండాలి. మోటారు ఫిల్టరు పెడితే పిల్లల్ని లాగేస్తుంది. అడుగున కడిగిన నది ఇసుక వేయొచ్చు. కంకర నుంచి కొట్టిన ఎంశాండ్ మాత్రం వద్దు, అంచులు పదును.

నీళ్ళు పోసి, ఫిల్టరు ఆన్ చేసి, మొక్కలు నాటి, నాలుగు నుంచి ఆరు వారాలు ఖాళీగా వదలాలి. ఈ మాట చెప్తే మొహాలు మాడిపోతాయి. కానీ రొయ్య విసర్జించే అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత పెద్దగా హాని లేని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్పాంజిలో పెరగడానికి అంత సమయం పడుతుంది. దుకాణంలో సీసాలో అమ్మేది పోస్తే కాస్త తొందరగా అవుతుందేమో గానీ ఒక్క రోజులో అయితే కాదు. ఖాళీ ట్యాంకులో చిటికెడు చేపల మేత వేస్తూ ఉండండి. ఆ కుళ్ళే ఆ బ్యాక్టీరియాకు తిండి. గాజు మీద పచ్చటి పొర, రాళ్ళ మీద జిగురు పొర వచ్చాయంటే ఇక రొయ్యలకు పిలుపు అందించవచ్చు.

తెచ్చుకోవడం

తిరుపతి, చిత్తూరు దుకాణాల్లో అప్పుడప్పుడు దొరుకుతాయి. రకాలు ఎంచుకోవాలంటే చెన్నై కొళత్తూరు. అలంకార చేపల పెంపకానికీ అమ్మకానికీ ఎప్పటినుంచో పేరున్న పేట అది. ఎండాకాలంలో వెళ్తే తెల్లవారుజామున తెచ్చుకునేలా చూసుకోండి. కవరును థర్మోకోల్ పెట్టెలో పెట్టండి, లోపల కాస్త మాస్ వేయమని అడగండి. పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటే రొయ్య దారిలో అలిసిపోదు.

పది పదిహేను చాలు. నిండుగా పెరిగి రంగు వెలిగేవాటి మీదికి కళ్ళు పోతాయి గానీ సగం పెరిగినవే తీసుకోండి. పెద్దవాటికి సగం ఆయుష్షు దుకాణంలోనే అయిపోయి ఉంటుంది. కొత్త నీళ్ళకు తట్టుకునేదీ చిన్నవే.

ఇంటికి వచ్చాక కవరు గభాల్న గుమ్మరించొద్దు. మెడికల్ షాపులో సెలైన్ సెట్ అడిగితే ఇస్తారు. ఒక కొస ట్యాంకులో, ఇంకో కొస రొయ్యలున్న గిన్నెలో పెట్టి, చక్రం తిప్పి సెకనుకు ఒకటి రెండు చుక్కలు పడేలా సర్దండి. గిన్నెలో నీళ్ళు మూడింతలయ్యే వరకు, గంటన్నరో రెండు గంటలో, అలా పడనివ్వండి. తర్వాత వలతో రొయ్యల్ని మాత్రం ట్యాంకులోకి వదిలి, దుకాణం నీళ్ళు పారబోయండి.

ఎండాకాలం

ఉమ్మడి జిల్లాలో రెండు వాతావరణాలున్నాయి. మదనపల్లె, పలమనేరు, కుప్పం సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్ళు. అక్కడివాళ్ళకు ఈ భాగం అంతగా అక్కర్లేదు. తిరుపతి, శ్రీకాళహస్తి, నగరి వాళ్ళే జాగ్రత్తగా చదవాలి.

చెర్రీకి 22 నుంచి 26 డిగ్రీలు హాయి. 28 వరకు ఓర్చుకుంటుంది. 30 దాటితే గుడ్లు రాల్చేస్తుంది, 32 దగ్గర పెద్దవి ఒక్కొక్కటీ పోతాయి. వేడితో పాటు ఊపిరాడకపోవడం కూడా ఉంది. 25 డిగ్రీల నీళ్ళలో లీటరుకు 8.2 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 32లో 7.3 మించదు. సరిగ్గా ఆ వేడిలోనే బ్యాక్టీరియాకూ రొయ్యకూ ఆక్సిజన్ ఎక్కువ కావాలి. అందుకే మే నెలలో రొయ్యలు నీళ్ళ పైకి వచ్చి గాజుకు అంటుకుని ఉంటాయి.

దీనికి ఏసీ అక్కర్లేదు. ట్యాంకు మూత తీసి, చిన్న టేబుల్ ఫ్యాను నీళ్ళ మీదికి వాలుగా పెట్టండి. ఆవిరయ్యేకొద్దీ నీళ్ళు రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లబడతాయి. మన ఎండ పొడి ఎండ కాబట్టి ఈ కిటుకు ఇక్కడ బాగా పనిచేస్తుంది, సముద్రం పక్క ఊళ్ళలో ఇంత పనిచేయదు. ట్యాంకు మూడు వైపులా తడి గోనెపట్టా చుట్టితే ఇంకో డిగ్రీ. రొయ్యలు దూకవు అని చెప్తారు గానీ కొత్తగా వచ్చినవి దూకుతాయి, కాబట్టి పైన దోమతెర గుడ్డ బిగించండి. మేత సగానికి తగ్గించండి. ఐసు ముక్కలు మాత్రం వేయొద్దు. 33 నుంచి 26కి అరగంటలో దించితే, ఎండ చంపనిది ఆ చలి చంపుతుంది. మరీ తప్పకపోతే నీళ్ళు గడ్డకట్టించిన చిన్న సీసా ఒక మూల తేలించి, గంటకు ఒక డిగ్రీ మించి తగ్గకుండా కాపలా కాయండి.

కరెంటు పోయినప్పుడు ఫ్యాను, గాలి పంపు రెండూ ఆగిపోతాయి. ఫోను ఛార్జింగ్ పవర్ బ్యాంకుకు తగిలించే యూఎస్‌బీ గాలి పంపులు దొరుకుతున్నాయి. ఒకటి కొని, మార్చిలోనే పక్కన పెట్టుకోండి.

ఇంట్లో విషాలు

రొయ్యా పురుగూ దగ్గరి చుట్టాలు. పురుగును చంపేది దాదాపు ఏదైనా రొయ్యను చంపుతుంది. దోమల కాయిల్, ప్లగ్గులో పెట్టే లిక్విడ్, బొద్దింకల స్ప్రే ఇవన్నీ ట్యాంకున్న గదిలో నిషిద్ధం. గాలి పంపు గదిలో గాలినే నీళ్ళలోకి తోస్తుంది కదా. మున్సిపాలిటీ ఫాగింగ్ బండి వీధిలోకి వస్తోందంటే కిటికీలు మూసి, పంపు ఓ గంట ఆపండి. డెంగీ కాలంలో ఆరోగ్య సిబ్బంది ఇంటి తొట్లలో దోమ పిల్లలు చావడానికి టెమిఫాస్ మందు వేసి వెళ్తారు. వాళ్ళు చేసేది మంచి పనే, కానీ ఆ తొట్టి నీళ్ళు ట్యాంకుకు పనికిరావు.

ఇక రాగి. రాగి బిందెలో రాత్రి పోసిన నీళ్ళు మనం పరగడుపున తాగుతాం, రొయ్యకు అవే విషం. మైలుతుత్తం కలిసిన చేపల మందులూ అంతే. చేపల జబ్బు మందు కొనేటప్పుడు డబ్బా మీద కాపర్ అన్న మాట ఉందేమో వెతకండి. వనామి చెరువుల కోసం అమ్మే మందుల జోలికీ వెళ్ళొద్దు, అవి ఎకరాల లెక్కలో తయారైనవి. మార్కెట్‌లో కొన్న పచ్చి రొయ్య తలకాయలు మేతగా వేయడం మరీ ప్రమాదం. 1990ల నడిమిలో కోస్తా చెరువుల్ని ఊడ్చేసిన తెల్లమచ్చ వైరస్ ఇప్పటికీ ఉంది, అది ఒక్క రకం రొయ్యతో ఆగదు.

మేత

సగం మేత ట్యాంకే పెడుతుంది. మిగతా సగానికి మన వీధిలోని నాటు బాదం చెట్టు ఉంది. ప్రపంచమంతా రొయ్యల పెంపకందార్లు డబ్బు పెట్టి తెప్పించుకునే ఆకు అది, మనకు బడి ఆవరణలో ఊడ్చి పారేస్తారు. తనంతట తాను రాలిన ఎర్రటి ఆకు ఏరి, కడిగి, ఎండబెట్టి దాచుకోండి. ఒకటి వేస్తే మొదటి రోజు తేలుతుంది, రెండో రోజు మునుగుతుంది. నీళ్ళకు పలచటి టీ రంగు వస్తుంది. వారం గడిచేసరికి ఆకు మీద కంటికి కనపడీ కనపడని జిగురు పొర పడుతుంది. అప్పుడు చూడండి, ఎక్కడెక్కడి పిల్లలూ దాని మీదే. ఆకు మెత్తబడ్డ చోటల్లా గీకి తిని, నెలకు ఈనెలు మాత్రం వలలా మిగులుస్తాయి. ఆ ఈనెలు తీసి ఇంకోటి వేయాలి.

మల్బరీ ఆకు అంతకన్నా ఇష్టం. పట్టుపురుగుల పెంపకం ఉన్న పలమనేరు, కుప్పం, మదనపల్లె వాళ్ళకు ఇది పెద్ద వరం. పురుగుమందు కొట్టిన ఆకు వేస్తే పట్టుపురుగే ముందు చస్తుంది కాబట్టి ఆ రైతు తన తోటను జాగ్రత్తగా చూసుకుంటాడు. అయినా, "అన్నా, ఈ నెల్లో ఏమైనా కొట్టినావా?" అని అడిగి తీసుకోండి. షెడ్డులో పరిచిన ఆకు కాకుండా తోటలోది కోసుకోండి, షెడ్డుల్లో సున్నం, బ్లీచింగ్ చల్లుతారు. అర నిమిషం మరిగే నీళ్ళలో ముంచి తీసి, చల్లార్చి వేస్తే చాలు.

దోసకాయ ముక్క, మునగాకు, ఉడికించిన పాలకూర అన్నీ తింటాయి. ఏది వేసినా రెండు మూడు గంటల్లో మిగిలింది తీసేయాలి. వారంలో ఒకటి రెండు రోజులు ఏమీ వేయకపోయినా వాటికేమీ కాదు.

పిల్లలు

పిల్లలు పెట్టించడానికి మీరు చేయాల్సింది ఏమీ లేదు. చూడటం తెలిస్తే చాలు. రెండున్నర, మూడు నెలల వయసుకు ఆడ రొయ్య వీపు మీద, తల వెనకాల, పసుపు రంగు మచ్చ ఒకటి జీను వేసినట్టు కనిపిస్తుంది. అవి లోపల తయారవుతున్న గుడ్లు. ఒక రోజు అది కుబుసం విడుస్తుంది. ఆ వెంటనే మగవన్నీ పిచ్చిపట్టినట్టు ట్యాంకంతా ఈదుతాయి. మామూలుగా మూలన కూచునేవి కూడా గాజుకు కొట్టుకుంటూ తిరుగుతాయి. కొత్తవాళ్ళు ఇది చూసి విషం కలిసిందని హడలిపోయి సగం నీళ్ళు మార్చేస్తారు. మార్చకండి. నీళ్ళలో కలిసిన ఆడదాని వాసన అది, పూటకు సద్దుమణుగుతుంది.

మర్నాడు వీపు మీది మచ్చ ఖాళీ అయి, గుడ్లు పొట్ట కిందికి వస్తాయి. ఇరవై, ముప్ఫై ఉంటాయి. ఈత కాళ్ళతో వాటికి ఆపకుండా విసురుతూనే ఉంటుంది, మధ్యలో ఒక్కో గుడ్డును తిప్పి శుభ్రం చేస్తుంది. కొన్నాళ్ళకు గుడ్లలో నల్లటి చుక్కలు రెండేసి కనిపిస్తాయి. అవి కళ్ళు. మూడు నాలుగు వారాలకు ఒక రోజు తల్లి పొట్ట ఖాళీగా ఉంటుంది, పిల్లలు మాత్రం కనపడవు. రెండు మిల్లీమీటర్లు, గాజు రంగు. మాస్ పక్కన టార్చి పట్టుకుని ఓపికగా చూస్తే ఒకటి కదులుతుంది, దాని పక్కన ఇంకో ఐదు కదులుతాయి.

ఖాళీ కుబుసం కనిపిస్తే చచ్చిందనుకుని తీసేయకండి. అందులో ఉన్న కాల్షియం మళ్ళీ అవే తింటాయి. తల, నడుము మధ్య చుట్టూ తెల్లటి ఉంగరంలా పగులు కనపడితే మాత్రం కుబుసం సరిగా ఊడలేదని గుర్తు. అలాంటిది దక్కడం అరుదు. అది ఒక్కటే పోతే పోనివ్వండి. వరసగా మూడు నాలుగు పోతే జీహెచ్ చూసుకోండి, ఈ మధ్య నీళ్ళు ఒక్కసారిగా ఎక్కువ మార్చారేమో గుర్తు తెచ్చుకోండి.

ముక్కు చివర తెల్ల కుచ్చులు కనిపిస్తే అవి పరాన్న జీవులు. కప్పు ట్యాంకు నీళ్ళలో పెద్ద చెంచా కల్లుప్పు కరిగించి, రొయ్యను అర నిమిషం ముంచి తీస్తే చాలామటుకు రాలిపోతాయి. ఆ ఉప్పు ట్యాంకులో పడకూడదు.

ఏరడం, పంచడం

రంగులు కలిపి ఒకే ట్యాంకులో వేయాలని అందరికీ ఉంటుంది. ఎరుపు, నీలం, పసుపు కలిసి తిరుగుతుంటే అందమే. కానీ అన్నీ ఒకే జాతి కాబట్టి కలుస్తాయి, మూడు నాలుగు తరాల్లో మట్టి రంగు, గాజు రంగు పిల్లలే మిగులుతాయి. వేరుశనగ రైతు విత్తనానికి మేలైన కాయ ఏరి పక్కన పెట్టినట్టు, ఒక రంగే పెట్టుకుని, రంగు తేలిపోయిన వాటిని పెద్దవి కాకముందే వేరే ట్యాంకులోకి మార్చాలి. ఏరిన వాటిని చంపక్కర్లేదు, నాచు తినిపించడానికి పిల్లల స్కూలు ట్యాంకుకో పక్కింటి గప్పీల తొట్టికో ఇవ్వండి.

ఆరేడు నెలలకు మీ దగ్గర వందకు పైగా ఉంటాయి. ఇస్తే పది పది చొప్పున ఇవ్వండి, కవరు మీద మార్కరుతో టీడీఎస్ అంకె, తేదీ రాయండి. అమ్మితే పెట్టిన ఖర్చు మెల్లగా తిరిగొస్తుంది, లక్షలొస్తాయని చెప్పేవాళ్ళను మాత్రం నమ్మొద్దు.

ఎక్కువయ్యాయని స్వర్ణముఖిలోనో, ఊరి చెరువులోనో వదలడం అసలు చేయకూడని పని. జర్మనీలో, పోలండ్‌లో, హవాయి దీవుల్లో ఇదే చెర్రీ రొయ్య ఇళ్ళ నుంచి బయటి నీళ్ళలోకి చేరి అక్కడ స్థిరపడింది. మన చెరువుల్లో మనకంటూ చిన్న రొయ్య జాతులున్నాయి, వాటికి ఈ పోటీ, ఈ జబ్బులు అంటించొద్దు. వారం వారం తీసే పాత నీళ్ళలో కంటికి ఆనని పిల్లలు రావచ్చు. అందుకే ఆ బకెట్ కాలవలో పోయకుండా పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పోయండి. నైట్రేట్ ఉంటుంది కాబట్టి చెట్టుకు ఎరువూ అవుతుంది.